గుర్రాలు పోయి వందేళ్లయినా గోడల్లో ఉప్పు పోలేదు: రెడింగ్ దగ్గర ఒక ఇటుక లాయం, కోచ్‌మన్ కాటేజీ కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లో రెడింగ్ ఊరి అంచున ఒక విక్టోరియన్ విల్లా ఉంది, దాని వెనక యార్డులో ఇటుకతో కట్టిన గుర్రాల లాయం, దానికి అంటుకుని బగ్గీ తోలే కోచ్‌మన్ ఉండే కాటేజీ. విల్లాని ఎప్పుడో ఫ్లాట్లు చేసేశారు, యార్డు మాత్రం విడిగా అమ్మకానికొస్తే ఒక తెలుగు ఫ్యామిలీ కొనుక్కుంది (రెడింగ్‌లో మన ఐటీ వాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు కదా). నేను పాత ఇటుక కట్టడాల రిపేర్లు చూసే సర్వేయర్‌ని. వాళ్ల పర్మిషన్‌తోనే రాస్తున్నా, పేర్లు, అడ్రసు మాత్రం వద్దన్నారు.

నన్ను పిలిచింది ఒకే కంప్లైంట్ మీద. గుర్రాలు కట్టేసిన గదిలో గోడలు ఎప్పుడూ తడిగానే ఉంటున్నాయి, పెయింట్ వేస్తే కొన్ని నెలల్లో పొక్కులొచ్చి రాలిపోతోంది, దాని వెనక తెల్లగా దూది లాగా ఏదో పూస్తోంది. వింతేంటంటే వాన పడ్డ రోజు కంటే వాన లేకుండా ఉక్కగా ఉన్న రోజు ఎక్కువ తడి. పాత ఓనర్ హయాంలో ఒక డ్యాంప్‌ప్రూఫింగ్ కంపెనీ వాళ్లు వచ్చి తేమ చూసే మీటర్ గుచ్చి చూసి, రైజింగ్ డ్యాంప్ (నేలలోంచి గోడలోకి ఎక్కే తడి) అని తేల్చేసి, గోడ అడుగున వరసగా బెజ్జాలు కొట్టి కెమికల్ ఎక్కించి, నేల నుంచి ఒక మీటరు ఎత్తు దాటే దాకా సిమెంటు ప్లాస్టర్ పూసి వెళ్లారు. తడి ఎక్కడికీ పోలేదు, ఆ ప్లాస్టర్ అంచు దాటి ఇంకాస్త పైకి పాకింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, తర్వాత ఎందుకో చూద్దాం. లాయం అంటే అందంగా కట్టిన షెడ్డు కాదు, గుర్రం మూత్రాన్నీ ఊపిరినీ చెమటనీ బయటికి తోలేయడానికి కట్టిన కట్టడం. నేల వాలు, గోడకి కన్నాలు, కప్పు మీద గూడు, గదుల వరస అన్నీ దానికోసమే. తర్వాత వచ్చినవాళ్లు ఒక్కోటి మూసుకుంటూ పోతారు, మూశాక గోడ తడి అని ఏడుస్తారు.

ఎప్పటిది, ఏ ఇటుక

1870లనాటి ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) పెద్ద స్కేలు మ్యాపులో ఈ జాగా ఖాళీ పొలం. 1890ల చివర్లో చేసిన రివిజన్‌లో విల్లా, యార్డు రెండూ ఉన్నాయి, కాబట్టి మధ్యలో ఎప్పుడో కట్టారు. అప్పటికి ఇంగ్లండ్‌లో ఇటుక చవక, ఎందుకంటే 1784లో వేసిన ఇటుక పన్ను 1850లో ఎత్తేశారు, రైలు కూడా 1840లోనే రెడింగ్ దాకా వచ్చింది కాబట్టి దూరపు ఇటుక, వేల్స్ పలకరాయి తెప్పించుకోవడం తేలికైపోయింది. రెడింగ్‌కి బిస్కెట్లు, బీరు, పూలమొక్కల దుంపలు అని మూడింటికి పేరు, నన్నడిగితే ఇటుకని నాలుగోదిగా కలపాలి. ఊరి కింద మట్టి పొరకి జియాలజీలో పేరే రెడింగ్ బెడ్స్, ఎస్ అండ్ ఇ కాలియర్ లాంటి కంపెనీలు ఇక్కడే ఎర్ర ఇటుక, టెర్రకోటా కాల్చేవి. ఎర్ర ఇటుకల మధ్య బూడిదరంగు ఇటుక పెట్టి గళ్లు, పట్టీలు తీయడం ఈ ఊరి వాళ్ల పనితనం. ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్ డిజైన్ చేసి 1875లో పూర్తయిన టౌన్ హాల్ భాగం ముందు నిలబడి చూస్తే ఈ ఎరుపు బూడిద జోడీ ఏంటో వెంటనే తెలిసిపోతుంది.

మన లాయం కూడా అదే కుటుంబం, కాస్త బీద చుట్టం. ఎల్ ఆకారంలో ఉంటుంది. పొడుగు చేతిలో మూడు స్టాళ్లు, ఒక లూజ్ బాక్స్, మలుపులో హార్నెస్ రూమ్ (జీనులు, కళ్లేలు పెట్టుకునే గది), పొట్టి చేతిలో రెండు బగ్గీలు పట్టే కోచ్ హౌస్, ఆ చివర కాటేజీ. పైన అంతా గడ్డి అటక.

స్టాల్ అంటే గుర్రాన్ని కట్టేసి నిలబెట్టే సందు, ఇక్కడ వెడల్పు ఆరడుగులు, గుర్రం అందులో వెనక్కి తిరగలేదు. లూజ్ బాక్స్ అంటే విడిగా వదిలేసే గది, పన్నెండడుగులు ఇంటూ పన్నెండు, జబ్బు చేసిన గుర్రానికో ఈనబోయే దానికో. స్టాళ్ల మధ్య అడ్డుగోడ చెక్కది, దాని చివర పోతఇనుము స్తంభం, నెత్తిన గుండు. మూలన ఇనుప దాణా తొట్టి మీద సెయింట్ పాంక్రాస్ ఐరన్‌వర్క్ కంపెనీ అని పేరు పోతలోనే ఉంది, లండన్ కంపెనీ, బెల్‌ఫాస్ట్‌లో మస్‌గ్రేవ్ వాళ్లలాగే వీళ్లూ లాయం సామాన్లు కేటలాగ్ వేసి అమ్మేవాళ్లు. అంటే ఆ రోజుల్లో మాడ్యులర్ కిచెన్ ఆర్డర్ ఇచ్చినట్టే లాయం ఫిట్టింగులు ఆర్డర్ ఇచ్చుకునేవాళ్లన్నమాట.

నేల

మేము చూసేసరికి నేలంతా కాంక్రీటు. ఎవరో గ్యారేజీగా వాడుకున్నప్పుడు పోసినట్టున్నారు. అదృష్టం కొద్దీ కింద ప్లాస్టిక్ షీటు పరిచి పోశారు, అందుకే పగలగొడితే పలకలు పలకలుగా లేచొచ్చింది, అడుగున స్టాఫర్డ్‌షైర్ బ్లూ ఇటుక చెక్కుచెదరకుండా బయటపడింది. ఈ బ్లూ ఇటుక గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇనుము ఎక్కువున్న మట్టిని బాగా ఎక్కువ వేడిలో, బట్టీకి గాలి తగ్గించి కాలుస్తారు, దాంతో ఎరుపు పోయి నీలం కలిసిన ఉక్కు రంగు వస్తుంది, నీళ్లు దాదాపు పీల్చదు. పైన గాడులు కొట్టి చిన్న చిన్న గళ్లు చేసి ఉంటుంది, డెక్కకి పట్టు దొరకడానికి ఒకటి, మూత్రం నిలవకుండా గాడిలోంచి జారిపోవడానికి ఒకటి.

స్పిరిట్ లెవెల్ పెట్టి చూస్తే స్టాల్ నేల తొట్టి వైపు నుంచి వెనక నడవ వైపుకి వాలుగా ఉంది, నడవలో లోతు తక్కువ కాలువ, ఆ కాలువ గోడ కన్నంలోంచి బయటికి పోయి యార్డులో ట్రాప్‌లో (కంపు వెనక్కి రాకుండా నీళ్లు నిలిచే డ్రెయిన్ గుంటలో) పడుతుంది. లోపల భూమిలో డ్రెయిన్ లేదు. అది పిసినారితనం కాదు, కావాలని చేసిందే: మూత పెట్టిన డ్రెయిన్ లాయం లోపల ఉంటే గడ్డి పడి పూడుకుపోయి గ్యాస్ కొడుతుందని, అందుకే కాలువ కంటికి కనపడేలా పైన, ట్రాప్ బయట.

ఓనర్ వాళ్ల నాన్నగారు ఒంగోలు నుంచి వచ్చి ఉన్నారు ఆ నెల. ఇంట్లో ఎడ్లున్న మనిషి. మేం లేజర్ పెట్టి వాలు కొలుస్తుంటే కాసేపు చూసి, ఒక చెంబు నీళ్లు తొట్టి దగ్గర ఒంపి, అవి కాలువలోకి పోయే దాకా నిలబడి, "ఏం బాబూ, దీనికి మిషనెందుకు, మా కొట్టంలోనూ ఇంతే వాలు పెట్టాం" అన్నారు. ఆ మాటతో ఆయన్ని బాబాయిగారూ అని పిలవడం మొదలుపెట్టా, తర్వాత చాలా పనికొచ్చారు.

గాలి

గుర్రం తల దగ్గర కిటికీలు ఎత్తులో ఉన్నాయి, వెలుతురు నేరుగా కళ్లల్లో పడకుండా. పోతఇనుము ఫ్రేము, పై అద్దం లోపలికి వాలి తెరుచుకుంటుంది, చల్లగాలి గుర్రం మీద పడకుండా ముందు సీలింగ్ వైపు పోయి కలిసి దిగుతుంది. వేడెక్కిన పాడుగాలి పోవడానికి సీలింగ్‌లోంచి చెక్క గొట్టాలు, అటక గుండా కప్పు కొన దాకా, అక్కడ పక్కల రెక్కలున్న చిన్న గూడు. రోడ్డు మీంచి చూసేవాళ్లు ఆ గూడుని అలంకారం అనుకుంటారు, అది పొగగొట్టంతో సమానమైన పని చేస్తుంది. సీలింగ్ మొత్తం సన్న చెక్క పలకలు ఒకదాంట్లో ఒకటి దిగేలా బిగించారు, అమ్మోనియా పైకెక్కి గడ్డి పాడవకుండా. పాత పద్ధతిలో అటక కన్నంలోంచి నేరుగా తొట్టిలోకి గడ్డి తోసేవాళ్లు, దుమ్ము గుర్రం కళ్లల్లో పడుతుందని పశువైద్యులు గోల పెట్టాక ఆ అలవాటు తగ్గింది, ఇక్కడ కూడా గడ్డి దించే కన్నం తొట్టి మీద కాదు, నడవలో ఉంది.

ఇప్పుడు ఆ గొట్టాల పరిస్థితి: అటకలో కోసేసి, నోట్లో గుడ్డలు కుక్కి, కింద సీలింగ్‌కి ఫోమ్ బోర్డు, ప్లాస్టర్‌బోర్డు. కిటికీలు పెయింట్‌తో అతుక్కుపోయాయి. చుట్టూ సిమెంటు, పైన ఫోమ్, కింద కాంక్రీటు. గాలి ఎటు పోవాలి?

కోచ్ హౌస్, హార్నెస్ రూమ్

లాయం నుంచి కోచ్ హౌస్‌లోకి తలుపు లేదు. గుర్రాన్ని తెచ్చి బగ్గీకి కట్టాలంటే యార్డులోంచే రావాలి, వానలో తడిసి మరీ. అప్పట్లో బగ్గీ వార్నిష్, వెండి పూత, లోపలి తోలు అన్నీ బోలెడు ఖరీదు, అమ్మోనియా తగిలితే మెరుపు పోతుంది, అందుకే ఆ రెంటికీ మధ్య గోడ కాదు, ఏకంగా ఒక గది పెట్టారు, అదే హార్నెస్ రూమ్. అందులో స్టవ్, పైన పొగగొట్టం, గోడలంతా చెక్క, జీనులు కళ్లేలు తగిలించే కొయ్యలు. తడిసిన తోలు ఆరకపోతే బూజు పడుతుంది కాబట్టి లాయం మొత్తంలో చలిమంట ఉన్న గది ఇదొక్కటే. ఆ స్టవ్ వేడి అటు కోచ్ హౌస్ గోడకి కూడా తగులుతుంది. ఇంత ఆలోచన చేసిన మేస్త్రి ఎవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలి.

కోచ్ హౌస్ గుమ్మం మూలలు నలుచదరంగా ఉండవు, గుండ్రంగా తిప్పిన బుల్‌నోజ్ బ్లూ ఇటుక, చక్రం గీసినా బండి ఇరుసు తగిలినా అంచు విరగదు. లాయం తలుపు దగ్గరా అదే, అక్కడ గుర్రం డొక్క గీసుకుపోకుండా. కోచ్ హౌస్ నేల మధ్య ఇటుకతో కట్టిన గొయ్యి, పైన పలకలు. అది బగ్గీ కాలంది కాదు, కారు కింద దూరి పని చేసుకోవడానికి తర్వాత తవ్వింది. 1896లో రోడ్డు మీద మోటారు బండ్లకి స్పీడు లిమిట్ గంటకి 14 మైళ్లకి పెంచారు, 1903 మోటార్ కార్ యాక్ట్‌తో నంబర్ ప్లేట్లొచ్చాయి, ఆ తర్వాత ఇలాంటి ఇళ్లల్లో బగ్గీ పక్కన కారు చేరడం, కొన్నాళ్లకి బగ్గీయే లేకపోవడం మామూలైంది. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైతే మొదటి రెండు వారాల్లోనే సైన్యం దేశం మొత్తం మీద లక్షకు పైగా గుర్రాలు తీసుకుపోయింది, చాలా లాయాలు ఆ దెబ్బతో ఖాళీ.

కోచ్‌మన్ కాటేజీ

ఇక్కడ నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. విల్లా నుంచి వచ్చే దారిలో కనపడే గోడ ఫ్లెమిష్ బాండ్, అంటే ప్రతి వరసలో ఒక ఇటుక పొడుగ్గా ఒకటి అడ్డంగా, అడ్డం పెట్టినవన్నీ బూడిదరంగువి, గళ్ల దుప్పటి పరిచినట్టు ముచ్చటగా ఉంటుంది. పక్కకి తిరిగి వెనక గోడ చూడండి, వరసల ఎత్తు ఒక్కసారిగా పెరుగుతుంది, ఇటుకలన్నీ పక్కకి పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టారు. పొడుగు ఇటుక ముఖం తొమ్మిదంగుళాలు ఇంటూ నాలుగున్నర, మధ్య మధ్యలో సన్నగా నిలువు ముక్క. ర్యాట్ ట్రాప్ బాండ్ అది. గోడ మందం తొమ్మిదంగుళాలే, లోపల ఖాళీ, ఇటుక సుమారు పాతిక శాతం మిగులుతుంది.

మన దగ్గర ర్యాట్ ట్రాప్ అనగానే లారీ బేకర్ గుర్తొస్తాడు, 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి కేరళలో స్థిరపడి చవక ఇళ్లకి ఈ పద్ధతిని పాపులర్ చేసినాయన. మన ఎండకి అది బ్రహ్మాండం. ఇంగ్లండ్‌లో గాలివాన కొట్టే వైపు గోడకి అంత మంచిది కాదు, అడ్డం పెట్టిన ఇటుక బయటి నుంచి లోపలి దాకా వంతెన కదా, తడి దాని వెంటే లోపలికి నడిచొస్తుంది. ఇదే బిల్డింగ్‌లో గుర్రాలు నిలబడే గది గోడ పదమూడున్నర అంగుళాలు, నిండు ఇటుక, ఇంగ్లిష్ బాండ్ (ఒక వరసంతా పొడుగ్గా, పై వరసంతా అడ్డంగా). గుర్రానికి నిండు గోడ, దాన్ని చూసుకునే మనిషి పెళ్లాం పిల్లలకి బోలు గోడ. గుర్రం ఖరీదు తెలిసినవాడికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

కాటేజీ కింద రెండు గదులు, పైన రెండు, వెనక గిన్నెలు కడిగే గది. లాయంలోకి నేరుగా తలుపు లేదు, కానీ మెట్ల మలుపులో ఒక చిన్న కిటికీ ఉంది, దాంట్లోంచి లాయం తలుపు, యార్డు గేటు రెండూ ఒకేసారి కనపడతాయి. అర్ధరాత్రి గుర్రానికి కడుపునొప్పి వచ్చి తన్నుకున్నా, గడ్డికి నిప్పంటుకున్నా ముందు లేవాల్సింది ఈయనే. ఆ కిటికీని ప్లాన్‌లో ఎవరో టాయిలెట్ వెంటిలేటర్‌గా మార్చి గీశారు, దాన్ని మాత్రం పట్టుబట్టి ఆపించా.

అసలు జబ్బు

చేతి మీటర్ రెండు సూదుల మధ్య కరెంటు ఎంత పారుతుందో చూస్తుంది, అంతే. గోడలో ఉప్పు ఉన్నా కరెంటు పారుతుంది, నీళ్లున్నా పారుతుంది, మీటర్‌కి తేడా తెలియదు. అందుకని గోడలో వేర్వేరు ఎత్తుల్లో, వేర్వేరు లోతుల్లో నెమ్మదిగా డ్రిల్ చేసి పొడి తీశాం. ఆ పొడిని తూచి, 75 శాతం తేమ ఉన్న డబ్బాలో పెట్టి మళ్లీ తూచి, చివర్లో ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచాం. దీంతో గోడకి నేల నుంచి వచ్చిన నీళ్లెంత, గాలిలోంచి ఉప్పు లాక్కున్న నీళ్లెంత విడివిడిగా తెలుస్తాయి. అడుగున నాలుగైదు వరసలు వదిలేస్తే పైన తడంతా రెండో రకమే. నైట్రేట్ స్ట్రిప్ ముంచితే ముదురు రంగు తిరిగింది.

గుర్రం మూత్రంలో యూరియా అమ్మోనియా అవుతుంది, బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది గోడ సున్నంతో కలిసి కాల్షియం నైట్రేట్. ఆ ఉప్పు గాలిలో తేమ యాభై ఐదు శాతం దాటితే చాలు నీళ్లు లాక్కుని కరిగిపోతుంది, ఇంగ్లండ్ ఎండాకాలపు ఉక్కరోజు అంటే అంతకంటే ఎక్కువే. అందుకే వాన లేని రోజు కూడా గోడకి చెమట. మన సురేకారం కూడా ఈ చుట్టమే. పశువుల కొట్టాల చుట్టూ ఉన్న మట్టి కడిగి సురేకారం తీయడం మన దేశంలో పాత వృత్తి, ఇంగ్లండ్‌లో కూడా 16, 17 శతాబ్దాల్లో తుపాకీ మందు కోసం రాజు మనుషులు జనం లాయాల నేలలు తవ్వుకుపోయేవాళ్లు. బాబాయిగారికి ఇది చెబితే గోడ మీది తెల్ల పూత గోటితో గీకి చూసి, మా ఊళ్లో పాత కొట్టం గోడా ఇలాగే రాలేదయ్యా అన్నారు.

ఒక చిక్కు మిగిలింది. స్టాల్‌లో గుర్రం తల గోడ వైపు, వెనక భాగం నడవ వైపు. మరి ఉప్పు తల వైపు గోడలో ఎందుకుంది? దీనికి సమాధానం పనివాళ్ల అలవాటులో దొరికింది. పొద్దున్నే తడిసిన పరుపు గడ్డిలో కాస్త బాగున్నదాన్ని పారేయకుండా తొట్టి కింద కుప్పేసి, రాత్రికి మళ్లీ పరిచేవాళ్లు. గుర్రం ముక్కు కిందే కంపు అని పశువైద్యులు ఎంత తిట్టినా ఆ అలవాటు పోలేదు. మా రీడింగుల్లో ఉప్పు పట్టీ సరిగ్గా తొట్టి కింద అంచు దాకా ఉండి అక్కడ ఆగిపోయింది. లూజ్ బాక్స్‌లో అయితే నాలుగు గోడలకీ సమానంగా ఉంది, అక్కడ గుర్రం ఎటైనా తిరుగుతుంది కాబట్టి.

ఏం చేశాం, ఏం చేయలేదు

మొదటి గొడవ ఆఫీసు గురించి. ఓనర్‌కి స్టాళ్ల గదిలోనే హోమ్ ఆఫీసు కావాలి, ఆ ఇనుప స్తంభాలు చూసే కొన్నారు మరి. "అన్నా, ఏదో ఒక మెంబ్రేన్ వేసేసి బోర్డు కొట్టేద్దాం" అని ఆయన, కొట్టేయొచ్చు, వెనకాల ఇటుక పిండి అయిపోతుంది, మీకు కనపడదంతే అని నేను. చివరికి తేల్చింది వాళ్లావిడ, ఆఫీసు కోచ్ హౌస్‌లోకి మార్చేద్దాం, అక్కడ గుర్రాలే లేవు కదా అని. నిజమే, కోచ్ హౌస్ గోడ శాంపిళ్లలో నైట్రేట్ నామమాత్రం, హార్నెస్ రూమ్ స్టవ్ పక్కనే, పెద్ద తలుపుల వెనక అద్దం బిగిస్తే వెలుతురు బోలెడు. స్టాళ్ల గది సైకిళ్లు, బూట్లు, వాషింగ్ మెషీన్ పెట్టుకునే ఎంట్రీ అయింది, గోడలకి ప్లాస్టర్ లేకుండా వెల్ల మాత్రమే. కన్వర్షన్ పనుల్లో సగం కష్టం ఇదే, ఏ గదిలో ఏ పని పెట్టాలో సరిగ్గా కుదిరితే మిగతా ఖర్చు సగానికి పడుతుంది.

సిమెంటు ప్లాస్టర్ ఊడదీస్తుంటే కొన్నిచోట్ల ఇటుక ముఖం కూడా దాంతోపాటే వచ్చేసింది. తప్పదు. బయట గోడ జాయింట్లలో కూడా ఎవరో సిమెంటు పాయింటింగ్ చేశారు, ఇటుక కంటే జాయింటు గట్టిదైతే తడి ఇటుకలోంచే పోవాలి, అక్కడే గడ్డకట్టి ముఖం ఎగిరిపోతుంది. గ్రైండర్ ముట్టుకోనివ్వలేదు, ఉలితోనే తీయించా, మేస్త్రి సణుగుతూనే చేశాడు. ముఖం పోయిన ఇటుకల్ని పారేయకుండా బయటికి తీసి వెనక్కి తిప్పి పెట్టాం, వెనక వైపు బాగుంటే ఇంతకంటే చక్కటి మ్యాచింగ్ దొరకదు. కొత్తవి కావాల్సినచోట చేత్తో చేసిన పాత సైజు ఇటుకే, ఇప్పటి షాపు ఇటుక 65 మిల్లీమీటర్ల ఎత్తు, పాతది దానికంటే కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ, నాలుగు వరసలు పోయేసరికి జాయింట్లు కలవవు.

సున్నం మాటకొస్తే, లోపలి గోడలకి ఎన్‌హెచ్ఎల్ 2 (నీళ్లతో గట్టిపడే రకం సున్నం, అంకె దాని బలం గ్రేడు), చిమ్నీ లాంటి ఎండా వానా తగిలే చోట 3.5, గరుకు ఇసుకతో. మన గానుగ సున్నం చూసినవాళ్లకి కొత్తేమీ కాదు, కరక్కాయ, బెల్లం నీళ్లు లేవు అంతే. కాకపోతే ఇక్కడ శత్రువు చలి. అయిదు డిగ్రీల కిందకి పడేలా ఉంటే పని ఆపేయాలి, పెట్టిన జాయింటుకి తడి గోనెపట్టా కప్పాలి, అందుకే అక్టోబర్ చివర్లో తాపీలు కడిగి పక్కన పెట్టేశాం.

ఉప్పు మాటకొస్తే, తెల్ల పూతని నీళ్లతో కడగకూడదు, కడిగితే మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి వ్యాక్యూమ్‌తో లాగాం. తర్వాత కాగితం గుజ్జు, బంకమట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి మందంగా పట్టు వేశాం, ఆరాక ఉప్పుతో సహా ఊడొస్తుంది, మళ్లీ ఇంకోసారి. పైపైన ఉన్నది తగ్గింది. లోతులో ఉన్నది ఎవరి తరమూ కాదు, ఆ సంగతి ఓనర్‌కి రిపోర్టులో పెద్ద అక్షరాల్లో రాసిచ్చా. గోడ మీది వెల్ల బలిపశువు, అది రాలుతుంది, మళ్లీ వేసుకోవాలి.

గాలి గొట్టాలు తిరిగి అతికించాం, కిటికీలు విడిపించాం, ఫోమ్ పీకేశాం, కాలువ తీసి బయట కొత్త ట్రాప్ పెట్టాం. ఈ పనులకి అయింది చాలా తక్కువ, గోడ మీద ప్రభావం మాత్రం వీటిదే ఎక్కువ అని నా లెక్క.

పర్మిషన్లు, గబ్బిలాలు

విల్లా గ్రేడ్ టూ లిస్టెడ్, అంటే కాపాడాల్సిన పాత కట్టడాల ప్రభుత్వ జాబితాలో ఉంది. యార్డు లిస్టులో విడిగా లేకపోయినా, దాని ఆవరణలో 1948 జూలై 1కి ముందు నుంచి ఉన్నది కాబట్టి అదీ లిస్టెడ్ కిందే లెక్క. లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్‌కి అప్లికేషన్ ఫీజు లేదు, సంతోషం, కానీ 2012 అక్టోబర్ నుంచి లిస్టెడ్ ఇళ్ల మార్పులకి ఉన్న జీరో రేటు వ్యాట్ తీసేశారు కాబట్టి పని మొత్తం మీద 20 శాతం పడుతుంది. కూలగొట్టి కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా, పాతది కాపాడుకుంటే ఇరవై. ఏం న్యాయమో.

అటకలో బ్రౌన్ లాంగ్ ఇయర్డ్ గబ్బిలాల రెట్ట దొరికింది. ఈ దేశంలో గబ్బిలం గూడు ముట్టుకోవడం నేరం, ఎకాలజిస్ట్ ఎండాకాలం సాయంత్రాల్లో బయట కూర్చుని లెక్కపెట్టాలి, నేచురల్ ఇంగ్లండ్ (ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ) లైసెన్సు రావాలి, అప్పటిదాకా రూఫ్ ఆగాలి. పలకల కింద మామూలు బ్రీతబుల్ మెంబ్రేన్ (గాలాడే షీటు) వేయనివ్వరు, దాని పీచు లేచి గబ్బిలాల కాళ్లు చిక్కుకుని చచ్చిపోతాయి, అందుకని పాతకాలపు తారు ఫెల్ట్ వేశాం. రూఫర్ నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూశాడు. పలకల్లో ఎక్కువ భాగం మంచివే, జారినవన్నీ మేకులు తుప్పు పట్టి జారినవి, అవే పలకలు రాగి మేకులతో తిరిగి వేశాం.

కాటేజీ గోడకి బోలు ఉంది కదా అని ఒక ఇన్సులేషన్ కంపెనీ ఆ బోలులో థర్మోకోల్ పూసలు నింపడానికి కొటేషన్ ఇచ్చింది. వద్దన్నా. ర్యాట్ ట్రాప్ బోలు ఒకటే పొడుగాటి ఖాళీ కాదు, అడ్డం ఇటుకలతో గదులు గదులుగా తెగిపోయి ఉంటుంది, అడుగున రాలిన సున్నం గుట్టలు, సగం గదులకి పూసలే చేరవు, చేరినచోట తడి నిలుస్తుంది. దానికి బదులు గాలివాన వైపు గోడకి లోపల నలభై మిల్లీమీటర్ల వుడ్ ఫైబర్ బోర్డు, పైన సున్నం ప్లాస్టర్. అంతకంటే మందం పెడితే ఇటుక మరీ చల్లబడిపోతుంది. అటకలో ఇన్సులేషన్, కిటికీల సందులు మూయడం వల్లే ఇంట్లో చలి ఎక్కువ తగ్గిందని వాళ్లంటున్నారు, నాకూ అదే అనిపిస్తోంది.

ఇప్పుడెలా ఉందంటే, తర్వాతి ఎండాకాలం ఉక్కరోజుల్లో వెళ్లి చూశా. తల వైపు గోడలో పట్టీ ఇంకా కాస్త ముదురుగా కనపడుతుంది, వెల్ల అక్కడక్కడా పొడిగా రాలింది, ఇటుక రాలడం లేదు. లూజ్ బాక్స్ మూలల్లో మాత్రం ఇంకా పూస్తోంది, అక్కడ ఇంకోసారి పట్టు వేయాలి. ఉత్తరం వైపు బయట గోడకి సిమెంటు రెండర్ (బయటి పూత) అలాగే ఉంది, బడ్జెట్ అయిపోయింది, వచ్చే సీజన్‌లో తీస్తాం, తీసేదాకా ఆ వైపు రీడింగుల్ని నేను లెక్కలోకి తీసుకోను. హార్నెస్ రూమ్ పొగగొట్టానికి కొత్త లైనర్ వేయాలి, స్టవ్ వెలిగిస్తేనే కోచ్ హౌస్ ఆఫీసు గోడ చలికాలం ఎలా ఉంటుందో తేలుతుంది. రెండర్ తీశాక మళ్లీ శాంపిళ్లు తీసి, ఈ సారి చలికాలం, ఎండాకాలం రెండు సెట్లు తూస్తాం.